ఖాళీ కుర్చీ



హాస్టల్‌లో ఒక్క ఫోన్ చుట్టూ పదిమందిమి చేరి సినిమాలు చూసినోళ్లం మేము. సినిమాల్లో మనవాళ్లంటే ఎక్కువగా ఈకలు పెట్టుకుని హీరో వెనక గెంతేవాళ్లే. చూసి మేమూ నవ్వేవాళ్లం. ఎవర్ని చూసి నవ్వుతున్నామో చాలా రోజులకు గానీ తెలియలేదు. అందుకే మాకు ఈ మూడు సినిమాలంటే ప్రాణం.

ఒకటి, 1980లో గోవింద్ నిహలానీ తీసిన హిందీ సినిమా 'ఆక్రోశ్'. భార్యను చంపాడని కేసు పెట్టిన ఆదివాసీగా ఓంపురి చేశాడు. సొంత లాయర్ అడిగినా నోరు విప్పడు. ఆ మౌనం మనకు కొత్తా? ఆఫీసుల్లో మన నాయనలు అట్లనే నిలబడతారు.

రెండోది 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'. నిజాం మీద కొట్లాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమురం భీంను కథ కోసం ఢిల్లీ తీసుకెళ్లారు. చివర్లో ఆయన చదువు అడుగుతాడు. భీంకు చదువొచ్చని పెద్దలు చెప్తారు కదా అని మాలో సగంమందికి కోపం. అయినా మన భీం పేరుకు థియేటర్లో విజిల్స్ పడుతుంటే కళ్లు తడిసినయ్.

మూడోది 2021లో వచ్చిన 'జై భీమ్'. చివర్లో ఆ చిన్నపాప పేపరు పట్టుకుని, లాయర్ ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. ఆ సీన్ ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో!

మొన్న సర్టిఫికెట్ కోసం ఓ ఆఫీసుకెళ్లాం. ఖాళీ కుర్చీ ఉంది. ఎవరూ వద్దనలేదు. అయినా గంటసేపు నిలబడే ఉన్నాం.

ఈసారి కూర్చుంటాం.