ఎత్తని చెయ్యి



2023 డిసెంబరు నెలలో మన రాష్ట్రంలో రెండు ఓట్ల ఫలితాలు వచ్చాయి. 3వ తేదీన అసెంబ్లీ ఓట్లు లెక్కపెట్టారు. 17వ తేదీ ఆదివారం రాత్రి బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫలితం చెప్పారు. మొదటి దాని గురించి మన ఊళ్ళో నాలుగు రోజులు మాట్లాడుకొని ఊరుకున్నారు. రెండో దాని గురించి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అందుకే ఈ వారం దాని గురించే రాస్తున్నాను. "అయ్యగారు కూడా బిగ్‌బాస్ చూస్తారా?" అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. సీజనంతా చూడలేదు గాని, ఫైనల్ మాత్రం చూశాను.

ఆ సాయంత్రం మేము క్యారల్స్‌కు తిరుగుతున్నాం. ఏ ఇంటి ముందు నిలబడినా లోపల టీవీలో అదే మోగుతోంది. నాలుగో ఇంట్లో అమ్మ చేతులు జోడించి, "అయ్యగారూ, జర కూసోండ్రి, గిది అయిపోనియ్యండ్రి" అంది. గిటారు, డోలక్ పట్టుకొని పదిహేను మందిమి మంచం మీద, గడపలో, వరండాలో సర్దుకొని కూర్చున్నాం.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. సెప్టెంబరు 3న మొదలైన ఆట ఇది. 105 రోజులు బయటి లోకంతో సంబంధం లేకుండా ఒకే ఇంట్లో ఉండాలి. ఎవరు ఉండాలో ఎవరు వెళ్ళాలో జనం ఫోన్లలో ఓట్లు వేసి చెబుతారు. నాగార్జున గారు నడిపిస్తారు. చివరి రోజుకు ఆరుగురు మిగిలారు. అందులో పల్లవి ప్రశాంత్ అనే పిల్లవాడిది సిద్దిపేట జిల్లా గజ్వేల్ మండలం కొల్గూరు. పొలంలో వీడియోలు తీసి పెట్టుకుంటూ, "రైతుబిడ్డను" అని చెప్పుకుంటూ వచ్చినవాడు. మిగతావాళ్ళలో చాలామంది సినిమాల్లో, సీరియళ్ళలో ముందే మనం చూసినవాళ్ళు. ఈ అబ్బాయి మన పక్క చేలో కలుపు తీస్తుంటే కనబడే పిల్లవాడిలా ఉన్నాడు. మన సంఘంలో వరి, పత్తి, కూలి తప్ప వేరే ఆధారం లేని ఇళ్ళే ఎక్కువ. మనవాళ్ళు "మనోడు, మనోడు" అన్నారంటే అందులో తప్పు వెతకడానికి నాకు మనసు రాలేదు. వచ్చే డబ్బు రైతులకే ఇస్తానని అతను అన్నాడని ఎవరో గుర్తు చేసినప్పుడు, మా మధ్య కూర్చున్న ఒక పెద్దాయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన ఈ ఏడు మోటారు కాలిపోయి సగం మడి ఎండబెట్టుకున్నవాడు. ఆ కన్నీళ్ళు టీవీ కన్నీళ్ళు కావు.

ఆరుగురు ఇద్దరయ్యారు. ప్రిన్స్ యావర్ 15 లక్షల రూపాయలు తీసుకొని నాలుగో స్థానంలో బయటికి వచ్చేశాడు. దాంతో 50 లక్షల బహుమతి 35 లక్షలయింది. శివాజీ గారు మూడో స్థానంలో ఆగారు. మిగిలింది ప్రశాంత్, అమర్‌దీప్. అమర్‌దీప్ అనంతపురం అబ్బాయి, సీరియళ్ళలో నటిస్తాడు. నాగార్జున గారు మధ్యలో నిలబడి ఇద్దరి చేతులూ పట్టుకున్నారు. మా గదిలో ఊపిరి శబ్దం కూడా లేదు. ఒక చెయ్యి పైకి లేచింది. ప్రశాంత్ గెలిచాడు. ఇల్లు దద్దరిల్లింది. డోలక్ మోగింది, పిల్లలు ఎగిరారు. నేనూ చప్పట్లు కొట్టాను.

చప్పట్లు కొడుతూనే నా కన్ను రెండో చేతి మీదికి పోయింది. నాగార్జున గారు పట్టుకునే ఉన్నారు గాని ఎత్తలేదు, ఆ చేతిని. అతను కూడా అవే 105 రోజులు ఇల్లు విడిచి ఉన్నాడు. అతని తల్లి కూడా అన్ని రాత్రులూ కొడుకు కోసం టీవీ ముందు కూర్చొని ఉంటుంది. మనం చూసింది ఒక చేతినే. కెమెరా చూపించిందీ ఎక్కువసేపు ఒక చేతినే.

తర్వాత బయట జరిగింది మీ అందరికీ తెలుసు. అన్నపూర్ణ స్టూడియోస్ బయట వేలమంది పోగయ్యారు. తల్లితో, భార్యతో వెళ్తున్న అమర్‌దీప్ కారు మీద పడ్డారు, అద్దాలు పగలగొట్టారు. ఆటలో ఉండి వెళ్ళిన ఇంకొందరి కార్లనూ వదల్లేదు. అటు పోతున్న ఆర్టీసీ బస్సుల మీద రాళ్ళు వేశారు. పోలీసులు కేసులు పెట్టారు. గెలిచిన అబ్బాయిని కూడా 20వ తేదీన అరెస్టు చేశారు, తర్వాత బెయిలు వచ్చింది. ఆ కేసులో న్యాయం ఏమిటో కోర్టు తేలుస్తుంది, అది మన పని కాదు. నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. ఆ రాళ్ళు వేసినవాళ్ళు ఓడినవాళ్ళు కారు. గెలిచినవాళ్ళు. కావలసింది దొరికిన తర్వాత కూడా చెయ్యి రాయి కోసం ఎందుకు వెతికింది?

మూడు నెలలుగా మన ఫోన్లలో జరిగింది చూస్తే కొంత అర్థమవుతుంది. శివాజీ, ప్రశాంత్, యావర్‌లది "స్పై బ్యాచ్" అన్నారు. శోభ, ప్రియాంక, అమర్‌లది "స్పా బ్యాచ్" అన్నారు. ఆటలో రెండు జట్లు ఉండటం ఆటకు మంచిదే. కాని చూసేవాళ్ళు కూడా రెండు జట్లయ్యారు. తమవాడికి ఓటు వెయ్యడంతో ఆగలేదు, ఎదుటివాడిని తిట్టడం రోజువారీ పని అయిపోయింది. మూడు నెలలు నాలుకతో వేసిన రాళ్ళే ఆ రాత్రి చేతుల్లోకి వచ్చాయి.

హైదరాబాదులో పగిలిన అద్దం మన సంఘంలో కూడా గుచ్చుకుంది. ఇది రాయడానికి ఆ ఇద్దరినీ అడిగాను, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మన క్యారల్స్‌లో గిటారు వాయించే తమ్ముడు 18వ తేదీ పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో పగిలిన కారు ఫోటో పెట్టి, కింద నవ్వే బొమ్మలు పెట్టాడు. డోలక్ వాయించే తమ్ముడి కుటుంబం అనంతపురం వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చి పదేళ్ళుగా మన మధ్య ఉంటోంది. ప్రశాంత్ గెలిచినప్పుడు డోలక్ కొట్టింది ఈ తమ్ముడే. ఓటు వేసింది కూడా ప్రశాంత్‌కే. ఆ ఫోటో చూశాక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆ కారులో వాళ్ళమ్మ ఉంది. మా అమ్మ ఆ కారులో ఉంటే కూడా వాడు నవ్వేవాడేనా? వాడి పక్కన కూర్చొని క్రిస్మస్ పాట వాయించడం నా వల్ల కాదు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అది ఆట గురించి మాట కాదు. ఈ ఊళ్ళో మేము ఎప్పటికైనా మీవాళ్ళమేనా అని ఒక పిల్లవాడు అడుగుతున్న మాట.

ఆ రాత్రి నేను అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయము తీశాను. మీరు కూడా 15వ వచనం నుండి 26 వరకు ఇంట్లో చదవండి. ఇస్కరియోతు యూదా స్థానం ఖాళీ అయింది. ఆ స్థానానికి రావాలంటే యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు ఆరోహణమైన దినము వరకు ఆయనతో తిరిగినవాడై ఉండాలి. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు బర్సబ్బా అనే పేరుగల యోసేపు, యూస్తు అని కూడా అంటారు. ఇంకొకరు మత్తీయ. ఇద్దరికీ అర్హత సమానమే. ప్రార్థన చేశారు, చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది.

మనం ప్రసంగాల్లో మత్తీయ దగ్గర ఆగిపోతాం. యోసేపు సంగతి ఏమిటి? అన్నేళ్ళు ప్రభువుతో నడిచాడు. ఆ నూట ఇరవై మంది ఎదుట నిలబెట్టారు. అందరూ చూస్తుండగా అతని పేరు రాలేదు. అయినా అతను అలిగి వెళ్ళిపోయాడని లేఖనంలో లేదు. మత్తీయ వైపువాళ్ళు అతన్ని చూసి నవ్వారని లేదు. యోసేపు వైపువాళ్ళు వేరే మేడగదికి పోయారని లేదు. తర్వాతి అధ్యాయంలో పెంతెకొస్తు దినాన అందరూ ఒక్కచోట కూడి ఉన్నారు. పరిశుద్ధాత్మ దిగివచ్చినది ఆ కూడికలోకే. ఎంపిక జరిగాక కూడా విడిపోని సంఘం మీదికి.

ఇంకొకటి గమనించండి. యోసేపు పేరు లేఖనంలో మళ్ళీ కనబడదు. మత్తీయ పేరు కూడా కనబడదు. ఎన్నికైనవాడు, కానివాడు ఇద్దరూ పనిలోకి వెళ్ళారు, పేర్లు మరుగున పడ్డాయి. పని మాత్రం మన మెదకు సీమ దాకా వచ్చింది.

పోటీలో ఎత్తిన చెయ్యి ఎంతకాలం నిలుస్తుందో మనకు తెలియనిది కాదు. 2006లో ఇండియన్ ఐడల్ రెండో సీజన్ ఫైనల్‌లో మన కారుణ్య నిలబడ్డాడు. ఆ ఓట్ల కోసం తెలుగువాళ్ళు ఎన్ని ఎస్ఎమ్మెస్‌లు పంపారో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. గెలిచింది రాజస్థాన్ బికనేరుకు చెందిన సందీప్ ఆచార్య. మనవాడికి అన్యాయం జరిగిందని చాలా ఇళ్ళలో బాధపడ్డారు. 2013 డిసెంబరులో ఆ సందీప్ 29 ఏళ్ళకే కామెర్లతో చనిపోయాడు. కారుణ్య సినిమాల్లో పాడుతూ వచ్చాడు. ఓడినవాడికి దేవుడు మేలు చేశాడు, గెలిచినవాడికి చెయ్యలేదు అని నేను అనను. అలా అనడం పాపం. సందీప్‌కు కూడా తల్లి ఉంది, భార్య ఉంది. నేను చెప్పేది ఇంతే. ఆ వేదిక మీద పైకి లేచిన చెయ్యి, లేవని చెయ్యి రెండూ ఒకే దేవుని చేతిలో ఉన్నాయి. ఎవరికి రేపు ఏమి జరుగుతుందో తెలియని మనం, ఒకరి ఓటమి చూసి నవ్వేటంత ధైర్యం ఎక్కడిది తెచ్చుకుంటున్నాం?

తమ్ముళ్ళిద్దరి మధ్య నేను మాట్లాడినదానికంటే గిటారు తమ్ముడి తల్లి చేసింది ఎక్కువ. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు గదా. ఆమె ఆ బస్సులోనే దవాఖానకు పోయి బీపీ మందులు తెచ్చుకుంటోంది. టీవీలో పగిలిన బస్సులు చూసి కొడుకును పిలిచి, "గా బస్సుల నేనుంటె గూడ నవ్వుతవా బిడ్డా?" అని అడిగిందట. డోలక్ తమ్ముడు అడిగిన ప్రశ్నే అది. ఇద్దరూ కూడబలుక్కున్నది కాదు. మరుసటి రోజు ఆమె గిన్నెలో సకినాలు పెట్టుకొని ఆ మేస్త్రీ ఇంటికి పోయింది. ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. స్టేటస్ మాత్రం తీసేశాడు. 24వ తేదీ రాత్రి ఆరాధనలో ఇద్దరూ వాయించారు. ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు, మధ్యలో పిల్లల వరుస. మాటలు ఇంకా పూర్తిగా కలవలేదు. ప్రార్థనలో పెట్టండి.

ప్రియులారా, ముందున్న రోజుల్లో ఫలితాలు ఇంకా చాలా వస్తాయి. పిల్లల పరీక్షలు వస్తాయి. సర్పంచు ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఊరు రెండుగా చీలుతుంది. మన సంఘ కమిటీకి కూడా కొత్తవాళ్ళను ఎన్నుకోవాలి. అప్పుడు మన విశ్వాసాన్ని గెలుపు దగ్గర చూడకండి. గెలిచిన ఇంటికి పూలదండలు ఎలాగూ పోతాయి, డీజే ఎలాగూ మోగుతుంది. ఓడిన ఇంటి వాకిట్లోకి ఆ సాయంత్రం ముందుగా ఎవరు నడిచిపోయారు? ఓదార్పు మాటలు రాకపోతే పరవాలేదు, ఒక గిన్నెడు సకినాలు చాలు. మీరు గెలిపించినవాడి మీద మీ ప్రేమ నిజమైనదైతే, అతని పేరు మీద ఇంకొకరి తల్లి ఏడవకుండా చూసుకోండి. అతనికి మీరు చెయ్యగలిగిన పెద్ద మేలు అదే.

ప్రార్థన: తండ్రీ, కొండలమీది పొలాలను, లోయలోని మడులను ఒకే వానతో తడిపేవాడవు నీవే. గెలిచినవారికి అణకువ దయచెయ్యి. ఓడినవారికి తోడు దయచెయ్యి. మా నోట ఉన్న రాయిని చేతిలోకి రాకముందే తీసివెయ్యి. మా యౌవనస్థులను ఒక్కచోట కూర్చు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.