ఉమ్మడి కప్పు కింద

తిరుచ్చిలో పొద్దున రామేశ్వరం పాసింజరు ఎక్కాను. పుదుక్కోట్టై దాటాక కిటికీలోంచి చూస్తే, ఈ నేల మీద ఎవరో రాజభవనాల్లాంటి ఇళ్ళు వేల లెక్కన కట్టారంటే నమ్మబుద్ధి కాదు. ఎర్రమన్ను, సీమతుమ్మ పొదలు, అక్కడక్కడ తాటిచెట్లు, అడుగంటిన చెరువులు. నది లేదు, రేవు లేదు, చెప్పుకోదగ్గ పంటా లేదు. చెట్టినాడు అని బోర్డున్న చిన్న స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుంటే కాసేపట్లోనే కానాడుకాత్తాన్ వచ్చేసింది.

ఊరి వీధులు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఒక ఇంటి గోడ పట్టుకుని నడక మొదలుపెట్టాను. గోడ అయ్యేసరికి వెనక వీధిలో తేలాను. ఇక్కడ పెద్ద ఇళ్ళన్నీ అంతే. సింహద్వారం ఒక వీధిలోకి, దొడ్డి గుమ్మం ఇంకో వీధిలోకి. పిట్టగోడల మీద సున్నంతో చేసిన లక్ష్మీదేవి బొమ్మలు, ఏనుగులు, వాటి పక్కనే తుపాకీ పట్టుకుని నిలబడ్డ తెల్ల సిపాయిలు. వీధిలో మనుషులే లేరు. ఒక ముసలాయన సైకిలు తోసుకుంటూ వెళ్ళాడు. దాదాపు ప్రతి తలుపుకీ అరచేయంత తాళం.

అన్నామలై విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన రాజా సర్ అన్నామలై చెట్టియార్ కుటుంబం 1912లో కట్టుకున్న చెట్టినాడు ప్యాలెస్ ఈ ఊళ్ళోనే ఉంది. యాత్రికులందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. నేనూ కాసేపు నిలబడ్డాను. కానీ నేను వచ్చింది పేరుమోసిన ఇల్లు చూడ్డానికి కాదు. మద్రాసులో ఉండే ఒక మిత్రుడి మాట సాయంతో, పక్క వీధిలో ఒక మామూలు చెట్టియార్ ఇంట్లోకి వెళ్ళే వీలు దొరికింది. మామూలు అంటే ఈ ఊరి లెక్కలో.

తలుపు తీసినావిడకు ఎనభై దాటి ఉంటాయి. ఇక్కడ చెట్టియార్ల ఇంటి ఆడవాళ్ళని ఆచ్చి అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. "ఆంధ్రానా? రా అమ్మా రా. చెప్పులు అక్కడే విడువు, నేల చల్లగా ఉంటుంది" అంది తమిళంలో, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా.

అరుగులు దాటి గడప లోపలికి అడుగు పెడితే ఎదురుగా వరసగా తలుపులే. నిలువెత్తు టేకు ద్వారబంధం, దాని పైకమ్మీ మీద చెక్కిన గజలక్ష్మి, దాని వెనక ముఖమండపం, దాని వెనక మొదటి మండువా, ఇంకా వెనక భోజనాల మండువా, చివర వంటిళ్ళ మండువా, ఆ పైన దొడ్డి వాకిట్లో వెలుతురు. అన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకి ఈ ఇంటి పోకడ కొత్త కాదు. నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుటి చూర్లు, నడుమ ఆకాశం, వాన నీళ్ళు పడే తొట్టి. తేడా అల్లా కొలతలోనే. మన ఇంట్లో ఒక మండువా ఉన్న చోట ఇక్కడ మూడు. మన చెక్క స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకోవచ్చు, ఇక్కడి స్తంభాన్ని కౌగిలించుకున్నా నా వేళ్ళు కలవలేదు.

గోడల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. తెల్లగా, పాలరాయిలా నిగనిగలాడుతున్నాయి. చెయ్యి ఆనిస్తే మే నెల ఎండలోనూ చల్లదనం. వరస మీద వరసగా గానుగ సున్నం పూత వేసి, అన్నిటికన్నా పై పూతకి మెత్తగా నూరిన గవ్వసున్నం, కోడిగుడ్డు తెల్లసొన, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి నునుపు రాయితో రుద్ది రుద్ది మెరుగు తెచ్చారు. నూరేళ్ళయినా రంగు వేయాల్సిన పని పడలేదని ఆచ్చి చెప్పింది. ఒకచోట మాత్రం ఎవరో సిమెంటుతో పూసిన అతుకు ఉంది. దాని చుట్టూ సున్నం పొక్కిలి లేచింది. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. పాత ఇళ్ళని బాగుచేస్తున్నామనుకుంటూ చంపేసేది ఈ అతుకులే. మన ఊళ్ళలోనూ ఇదే జరుగుతోంది.

మొదటి మండువా చుట్టూ తలుపులు. ఒక్కో తలుపు వెనకా చిన్న చీకటి గది, లోపల ఇంకో గది. ఈ ఇళ్ళ కథంతా ఆ గదుల్లోనే ఉంది. నగరత్తార్లు అని కూడా పిలిచే ఈ చెట్టియార్లలో కొడుక్కి పెళ్ళి కాగానే అతని పేర ఒక గది, ఒక పొయ్యి వేరుపడతాయి. ఇల్లు ఒక్కటే, వంట ఎవరిది వాళ్ళదే. పెళ్ళయిన మగవాడిని, అతని కుటుంబాన్ని కలిపి ఒక 'పుళ్ళి' అంటారు. గుడి చందా అయినా ఊరి ఖర్చు అయినా పుళ్ళి లెక్కనే. గదిలో కోడలు తెచ్చుకున్న ఇత్తడి, ఎనామిలు, వెండి సామాను ఉండేది. పడక, కూర్చోవడం అన్నీ మండువాలోనే, అరుగుల మీదే. మగవాళ్ళు ఎలాగూ ఇంట్లో ఉండేవాళ్ళు కాదు. మూడేళ్ళు బర్మాలో, మలయాలో, సింహళంలో కొట్టు చూసుకుని వచ్చి కొన్నాళ్ళుండి మళ్ళీ ఓడ ఎక్కేవాళ్ళు.

ఆ ఓడల సంగతి తెలియకుండా ఈ ఇంట్లో ఒక్క దూలం కూడా అర్థం కాదు. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరావతి డెల్టా బియ్యానికి యూరప్ దగ్గరైంది. అడవి కొట్టి మడి కట్టే రైతుకి పెట్టుబడి కావాలి. తెల్లవాళ్ళ బ్యాంకులు రైతు ముఖం చూడవు. ఆ ఖాళీలోకి చెట్టియార్లు వెళ్ళి, చాప వేసుకుని, చెక్క పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ వడ్డీ డబ్బే ఈ మెట్టనేల మీద బర్మా టేకుగా, ఇటలీ పాలరాయిగా, బెల్జియం అద్దాలుగా లేచి నిలబడింది. ఇళ్ళలో చాలా మటుకు 1850కీ 1940కీ నడుమ కట్టినవే. 1930ల మాంద్యంలో వడ్ల ధర కూలి, బాకీ తీర్చలేని రైతుల భూములు వీళ్ళ చేతికొచ్చాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో సుమారు 6 శాతం సాగుభూమి వీళ్ళదైతే, 1938 నాటికి అది 25 శాతం అయింది. భూమి పోగొట్టుకున్న బర్మా రైతు ఇంటికి ఇలాంటి ద్వారబంధం లేదన్నది నేను మరిచిపోలేను.

ఇంకో సంగతి కూడా. అదే బర్మాలో, రంగూన్ నగరంలో మనవాళ్ళున్నారు. కోరంగి, విశాఖ వైపు నుంచి ఓడెక్కి 'రంగం' వెళ్ళినవాళ్ళు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీల మీద మొదలైన అల్లర్లలో ఎక్కువగా నష్టపోయింది తెలుగువాళ్ళే. 1942లో జపాన్ సైన్యం వచ్చాక చెట్టియార్లకి భూములు, బాకీలు మునిగాయి. మన కూలీలకి మునగడానికి ఏమీ లేదు, అరకాన్ కొండలు, అస్సాం దారులు పట్టుకుని నడిచారు, ఎందరో దారిలోనే పోయారు. 1960ల్లో మిగిలినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేట ఆ మనుషుల ఆనవాలు. ఈ మండువాలో స్తంభం మీద చెయ్యి వేసినప్పుడు, దీన్ని రంగూన్ రేవులో ఓడకెక్కించినవాళ్ళలో శ్రీకాకుళం మనిషి ఒకడైనా ఉండే ఉంటాడనిపించింది. వారసత్వ కట్టడం అని మనం గౌరవించేటప్పుడు ఆ చేతుల్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా పట్టు.

"ఈ గదులు ఎవరివి ఆచ్చీ?" అని అడిగాను. వేలు పెట్టి చూపిస్తూ చెప్పుకుపోయింది. ఇది మా మరిదిది, వాళ్ళబ్బాయి చెన్నైలో. అది సింగపూర్ వాళ్ళది. ఆ మూలది పినాంగ్ వాళ్ళది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. ఈ రెండూ కోయంబత్తూరు అక్కచెల్లెళ్ళవి. గదులకి వాటాలున్నాయి. మండువాకి లేవు, అరుగులకి లేవు, అన్నిటికన్నా పైనున్న పెంకుల కప్పుకి లేవు. అది అందరిదీ. అందరిదీ కాబట్టి అక్కడ పెంకు కదిలినా మార్చడానికి అందరి మాటా కావాలి. మూడు తరాల్లో పది మంది వాటాదారులు వంద మందవుతారు. కప్పులో చెమ్మ దిగితే వాసం పుచ్చుతుంది, వాసం పోతే దూలం, దూలం వంగితే గోడ. నేను చూసిన పాడుబడ్డ ఇళ్ళన్నిటికీ జబ్బు కప్పు దగ్గరే మొదలైంది.

అయితే ఈ వంద సంతకాలే ఈ ఇళ్ళని ఇన్నాళ్ళూ నిలబెట్టాయన్నది కూడా నిజం. ఒక్కడి పేర ఉంటే ఎప్పుడో అమ్ముడుపోయేవి. మన వైపు అన్నదమ్ములు పంచుకుని, నడిమికి గోడ పెట్టి, ఆ తర్వాత ఎవరి సగం వాళ్ళు పడగొట్టి డాబా వేసుకున్నారు. ఇక్కడ మండువాకి నడిమిగోడ పెట్టిన ఇల్లు నాకు ఎక్కడా కనబడలేదు.

ఆత్తంగుడి కానాడుకాత్తాన్‌కి దగ్గరే. ఆచ్చి ఇంటి నేల మీద పరిచిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూల పలకలు ఆ ఊరివి. ఒక రేకుల షెడ్డు కింద పనివాడు గాజుపలక ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గాజు మీద ఇనుప చట్రం, దానిలో పూల అచ్చు. చిన్న గరిటెతో ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు పోస్తాడు. అచ్చు ఎత్తేశాక రంగులు ఒకదాన్లో ఒకటి కలవవు. పైన పొడి ఇసుక-సిమెంటు చల్లి, ఆ మీద తడి మాలు అదిమి పక్కన పెడతాడు. ఆరాక నీళ్ళ తొట్లో నానబెడతారు. బట్టీ లేదు, కాల్చడం లేదు. నిగారింపు గాజు నుంచే వస్తుంది. "ఇక్కడి ఇసుకతోనే కుదురుతుందమ్మా" అన్నాడు. తన దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళు లేరనీ అన్నాడు. ఒకటి మాత్రం సంతోషం. కొత్తగా ఇళ్ళు కట్టుకునేవాళ్ళు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి ఈ పలకలు తెప్పించుకుంటున్నారు. ఆ గిరాకీ వల్లే ఈ షెడ్లు మూతపడలేదు.

ఆ ఊళ్ళోనే కొన్ని రూపాయల టికెట్టుతో ఒక పెద్ద ఇల్లు చూడనిస్తారు. సినిమావాళ్ళకీ అద్దెకిస్తారు. ఈ నేలకీ సినిమాకీ పాత చుట్టరికమే. 1940లో తెలుగు 'భూకైలాస్' తీసిన ఏవీ మెయ్యప్పన్‌ది కారైక్కుడి. మద్రాసుకి మారకముందు ఆయన స్టూడియో ఇక్కడే ఉండేది.

కారైక్కుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి చూసి తీరాలని అందరూ చెబుతారు. నాకు ఆ వీధిలో ఊపిరాడలేదు. కొట్ల నిండా ఎనామిలు గిన్నెల దొంతరలు, గల్లాపెట్టెలు, రవివర్మ ప్రెస్సు దేవుళ్ళ పటాలు, ఎవరివో తాతముత్తాతల ఫోటోలు చట్రాలతో సహా. బయట గోడకి ఆనించి ఊడదీసిన ద్వారబంధాలు, స్తంభాలు. బేరాలాడుతున్న వాళ్ళలో తెలుగు కూడా వినబడింది. అమ్మేవాడిని తప్పుపట్టలేను, ఇంటి పన్ను కట్టడానికి ఒక స్తంభం అమ్మినవాళ్ళున్నారు. కానీ స్తంభం తీసేస్తే దాని నెత్తి మీద మోసిన కప్పు ఏమవుతుంది?

చట్టాల సంగతి చూస్తే, 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కిందికి రావాలంటే నూరేళ్ళు నిండాలి. ఆ చట్టం కోటలకి, గుళ్ళకి తగ్గట్టు రాసుకున్నది, వంద మంది వాటాదారులున్న కాపురపు ఇంటికి కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళ పాత వస్తువుని దేశం దాటనివ్వదు, కారైక్కుడి నుంచి హైదరాబాదు రాకుండా ఆపదు. తమిళనాడు 2012లో వారసత్వ కమిషన్ చట్టం చేసుకుంది, అది అమలుకి రావడానికే ఏళ్ళు పట్టింది. 2014లో చెట్టినాడు ఊళ్ళని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఒకప్పుడు 96 ఊళ్ళట, ఇప్పుడు మిగిలినవి 70 పైచిలుకు. కొన్ని ఇళ్ళు హోటళ్ళయ్యాయి. కానాడుకాత్తాన్‌లో ఒక తండ్రి కూతురి కోసం కట్టించిన 'విశాలం', కారైక్కుడిలో 'బంగళా' బాగా నడుస్తున్నాయి. మంచిదే. అన్ని వేల ఇళ్ళూ హోటళ్ళు కాలేవు కదా. నన్నడిగితే ప్రభుత్వం చేయగల మేలు ఒకటుంది. ఇంటిని స్వాధీనం చేసుకోనక్కర్లేదు, కప్పు మరమ్మతుకి మాత్రం వాటాదారులందరి సంతకాలూ అక్కర్లేదని, ఉన్నవాళ్ళే చేయించుకోవచ్చని చెప్పి, సున్నం పనికీ పెంకు పనికీ సాయం ఇస్తే చాలు.

ప్రస్తుతానికి ఆ పని చేస్తున్నది కాగితం కాదు, పెద్దల పూజ. ఏటా ఒకసారి పూర్వీకులకి 'పడైప్పు' పెట్టుకోవడానికి వంశం వాళ్ళంతా ఆ ఇంటికే రావాలి. పెళ్ళిళ్ళు, షష్టిపూర్తులు కూడా చాలా కుటుంబాలు ఇక్కడే చేసుకుంటాయి. వంద మంది ఒకచోట కూర్చునేది అప్పుడే. కప్పు మాట ఎత్తడానికి అదను అదే.

సెలవు తీసుకుందామని వెళ్ళేసరికి ఆచ్చి ఇంటి మీద మనుషులున్నారు. నిచ్చెన వేసి, వానలకి ముందు పెంకులు తిరగేస్తున్నారు. తూర్పు వైపు అయిపోయింది. మేస్త్రీ పైనుంచి వంగి, "పడమటి వైపు తీయమంటారా ఆచ్చీ? అది పినాంగ్ వాళ్ళ వాటా మీదికి వస్తుంది" అని అడిగాడు.

"తియ్యి. దూలం రెండు వైపులకీ ఒకటే కదా. డబ్బు సంగతి పడైప్పుకి వచ్చినప్పుడు వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

అలాగైతే ఇంకో ఇద్దరు మనుషులు కావాలన్నాడు. రేపటి నుంచే రమ్మను అంది.