పదవి దిగినవారి పేరు కంప్యూటర్‌లోనూ దిగాలి



చెన్నైలో మనలాంటి తెలుగు సంఘాల్లో కార్యవర్గం మారినప్పుడు కొత్తవాళ్లకు శాలువా కప్పుతాం, పాతవాళ్లకు జ్ఞాపిక ఇస్తాం, బీరువా తాళాలు చేతులు మారతాయి. కంప్యూటర్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. చందాల లెక్కలు, సభ్యుల ఫోన్ నంబర్లు, ఉపకార వేతనం కోసం పిల్లలిచ్చిన ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడు ఉండేది అందులోనే. అందుకే సర్వసభ్య సమావేశం అయిన వారంలోపే మేము నలుగురం కూర్చుని గ్రూపులు సరిచేస్తాం.

గ్రూపు అంటే వాట్సాప్ గ్రూపు అనుకోకండి. ఏ ఫోల్డరు ఎవరు తెరవవచ్చో కంప్యూటర్ రాసిపెట్టుకునే జాబితా ఇది. మనిషి మనిషికీ విడిగా అనుమతి ఇవ్వకుండా 'లెక్కలు' అనే గ్రూపుకు ఇచ్చి, కోశాధికారిని అందులో చేరుస్తాం.

మా ఆఫీసులో మూడు కంప్యూటర్లు, మూడు రకాలు. ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో మన చెన్నై సి-డాక్ వాళ్లు డెబియన్ ఆధారంగా తయారుచేసిన బాస్ లైనక్స్, మూడోది ఒక సభ్యుడు ఇచ్చిన మ్యాక్. దేని జాబితా దానిదే. ఒకచోట పేరు తీస్తే మిగతా రెండుచోట్లా అలాగే ఉంటుంది. పెత్తనమంతా ఉన్న గ్రూపును విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్స్ అంటారు, మ్యాక్‌లో అడ్మిన్, డెబియన్ కుటుంబంలో సుడో. ముందు చూడాల్సింది ఈ గ్రూపునే.

లైనక్స్‌లో చేయి కాస్త ఆచితూచి వేయాలి. యూజర్‌మాడ్ ఆదేశంలో పెద్ద 'జి' ముందు చిన్న 'ఎ' పెట్టకపోతే మనిషి కొత్త గ్రూపులో చేరతాడు కానీ పాత అదనపు గ్రూపులన్నీ పోతాయి. డెబియన్‌లో డెల్‌యూజర్ అని కొట్టి, పేరు తర్వాత గ్రూపు రాయకపోతే ఏకంగా ఆ మనిషి ఖాతానే తొలగిపోతుంది. ఇంకొకటి: విండోస్ అయినా లైనక్స్ అయినా, గ్రూపులోంచి తీసిన మనిషి అప్పటికే లాగిన్ అయి ఉంటే పాత అనుమతులే నడుస్తుంటాయి. లాగౌట్ చేయిస్తేనే పని పూర్తయినట్టు.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. కష్టమల్లా మనుషులతోనే. చేర్చడం అందరికీ ఇష్టం, తీసేయడం దగ్గర మొహమాటం. చాలా ఏళ్లు లెక్కలు చూసిన పెద్దాయన ఒకరు, "ఇన్నాళ్లు చేశాక నా మీద అనుమానమా బాబూ?" అన్నారు.

"అనుమానం కాదండి. మీ పేరు ఇందులో ఉన్నంతకాలం రేపు ఏ అంకె తారుమారైనా ముందు మిమ్మల్నే అడుగుతారు. దిగిపోయాక కూడా ఆ భారం మీకెందుకు?" అన్నాం.

కాసేపు ఆలోచించి, "అయితే ఆ మ్యాక్‌లో కూడా తీసేశారా?" అని ఆయనే అడిగారు.

ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. వరుసకొక పేరు, పక్కన మూడు కంప్యూటర్లకు మూడు గళ్లు, చివర ఇద్దరి సంతకాలు. దిగేవారి సంతకం కూడా అందులో ఒకటి. మీ సంఘంలోనూ ఈసారి తాళాలు అప్పగించే రోజునే ఈ పనీ ముగించండి.