అక్షింతల పురుగు బిడ్డ

మా ఆలూరు నల్లరేగడి సీమ. వాన కురిసినచో ప్రత్తి, కురియనిచో అప్పు. నిరుడు భాద్రపదమున మా పెరటి అలసంద తీగెలకు పేనుబంక పట్టెను. దాని నడుమ మొసలిపిల్లల రూపున నల్లని పురుగులు ప్రాకుచుండగా, ఇవియే చీడయని మేము పుల్లతో ఏఱి చంపితిమి, మందును చల్లించితిమి. కొలది దినములలో బంక మఱల వచ్చెను. కాయ చేతికి రాలేదు.

ఆ కార్తికమున అహోబిలయాత్రకు పోయితిమి. ఎగువ అహోబిలపు త్రోవలో నల్లమల చెట్లను చూడగా, ఈ వనమునకు మందు చల్లువారెవరని సందేహము కలిగెను. ఆకులకు చిల్లులున్నవి, చెట్లు మాత్రము మోడులు కాలేదు. సాలీడు వల పన్నియుండెను. కందిరీగ గొంగళిని మోసికొనిపోవుచుండెను. ఎఱ్ఱచీమలు తమ పిల్లల నోటి పట్టుదారముతో ఆకులు కుట్టి గూడు కట్టుచుండెను. ఇట్టి చీమలను నారింజ చెట్లకు కావలి పెట్టుట క్రీ. శ. 304 నాటి చీనా గ్రంథమున గలదని మావారు చెప్పిరి.

ఒక ఆకు క్రింద ఆ నల్లపురుగే కనబడెను. "ఇది అక్షింతల పురుగు బిడ్డ. పేనుబంకను వందలకొలది తినును" అని వారనిరి. మాకు నోట మాట రాలేదు. తల్లి సొగసు చూచి మురిసినవారమే, బిడ్డను గుర్తింపక చంపితిమి! పేనుబంక మగతోడు లేకయే పిల్లలను కనును. ఆ పిల్లలు వారము పదిదినములలో తల్లులగును. దానిని తినునవి అంత వేగముగ పెరుగజాలవు. మందునకు రెండును చచ్చినను, ముందు తిరిగివచ్చునది బంకయే.

ఈయేడు బంకను నీళ్లు చిమ్మి కడుగుచున్నాము. నల్లపిల్లలున్న ఆకును ముట్టము. మీరును చంపుటకు ముందు, ఆ పురుగు ఎవరి బిడ్డయో అరయుడు.