సాలూరులో ఒక రాత్రి

మా జయపురం వాళ్లకి సాలూరు అంటే ఘాటు దిగగానే వచ్చే ఊరు. పెళ్లికని విజయనగరం వెళ్లినా, కంటి డాక్టరు కోసం విశాఖపట్నం వెళ్లినా, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అక్కడ టీ తాగనిదే ఎవరం కదలం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సైన్సు కాలేజీ ఈనాటికీ మా మహారాజు విక్రమదేవవర్మ గారి పేరుతోనే ఉంది. సరిహద్దు మారింది గాని చుట్టరికాలు మారలేదు. ఈ ఘాటు రోడ్డు మా ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకు పుట్టింటి దారి.

ఇన్నేళ్లుగా ఈ దారిన తిరుగుతున్నా, సాలూరులో రాత్రి మకాం చేయవలసి రావడం మాత్రం కిందటి మాఘమాసంలోనే మొదటిసారి. కారణం మా మారుతి 800.

నాన్నగారు రిటైరైన ఏడాది, 2003లో, ఆ కారు కొన్నారు. పదిహేనేళ్లు నిండాక 2018లో ఒకసారి, 2023లో మరోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుని నడుపుతున్నాను. అమ్మేయమని మా అబ్బాయి పోరు. నాన్నగారి చెయ్యి పడిన స్టీరింగు అని నేను వినడం లేదు.

ఆ కారు వల్లనే నాకూ మా తమ్ముడికీ రెండు నెలలుగా మాటల్లేవు. పిల్లల్ని గుప్తేశ్వరం తీసుకెళ్తానని నాలుగు రోజులు అడిగి తీసుకున్నాడు. తిరిగి ఇస్తూ, "అన్నయ్యా, క్లచ్ పెడలు బాగా పైకొచ్చాక గాని పట్టుకోవడం లేదు. ఒకసారి చూపించు" అన్నాడు. నేను, "నా దగ్గర ఇన్నాళ్లూ బాగున్నది నీ చేతిలో నాలుగు రోజులకే పాడైందా?" అన్నాను. మరదలూ పిల్లలూ అక్కడే ఉన్నారు. వాడు తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. విజయనగరం పెళ్లికి కూడా కుటుంబంతో బస్సులో వచ్చి, బస్సులోనే వెళ్లిపోయాడు.

పెళ్లి అయిన మర్నాడు అమ్మా, మా ఆవిడా, నేనూ కారులో బయలుదేరాం. రామభద్రపురం దాటాక ఒక లారీని దాటబోతే ఇంజను గోల పెట్టింది గాని బండి ముందుకు ఉరకలేదు. కాసేపటికి కాలిన వాసన. "ఏమండీ, ఏదో మాడుతోంది" అంది మా ఆవిడ. ఎలాగో సాలూరు చేరాం.

బండి చెడితే సాలూరులోనే చెడాలి. అది లారీల ఊరు. లారీలకు బాడీలు కట్టేవాళ్లు, వెల్డింగువాళ్లు, ఇంజను పనివాళ్లు రోడ్డు పొడుగునా ఉంటారు. టీ కొట్టు అతను మమ్మల్ని ఒక పెద్ద వయసు మెకానిక్కు దగ్గరికి పంపాడు.

ఆయన బానెట్ ఎత్తలేదు. డ్రైవరు సీటులో కూర్చుని హేండ్ బ్రేకు లాగి, కుడికాలితో బ్రేకు తొక్కి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లిగా వదిలాడు. "పట్టు ఉంటే ఇంజను ఠక్కున ఆగిపోవాలి బాబూ" అన్నాడు. ఇంజను ఆగలేదు, సుబ్బరంగా తిరుగుతూనే ఉంది.

తరవాత పెడలును చేత్తో నొక్కి చూశాడు. పైన ఒక వేలు వెడల్పున ఉత్తినే కదలాలట. ఆ తరవాతే బరువు తగలాలట. మా కారుకు ఆ ఖాళీ బొత్తిగా లేదు. "కేబులు ఎవరు బిగించారు?" అని అడిగాడు.

బిగించింది మా ఊరి షెడ్డులో. బిగించమన్నది నేనే. వానాకాలంలో గేర్లు గరగరమని పడుతుంటే కేబులు వదులైందన్నారు. సగం చుట్టు తిప్పి చాలన్నా వినకుండా, "ఇంకా బిగించు, మళ్లీ మళ్లీ రాలేను" అన్నాను. ఆయన విని విషయం విడమరిచి చెప్పాడు. కేబులు వదులైతే క్లచ్ పూర్తిగా విడిపోదు, గేర్లు గీసుకుంటాయి. మరీ బిగిస్తే పూర్తిగా పట్టదు, ప్లేటు జారి కాలుతుంది. పైగా ప్లేటు అరుగుతున్నకొద్దీ ఉన్న ఖాళీ తనంతట తనే తగ్గిపోతుంది, కాబట్టి అప్పుడప్పుడూ చూసి వదులు చేయాలి.

నట్టు వదులు చేసి మళ్లీ చూశాడు. ఈసారి ఇంజను ఆగింది గాని, ముక్కుతూ మూలుగుతూ ఆగింది. "ఊళ్లో తిరగడానికి పర్లేదు. పెద్దమ్మగారిని ఎక్కించుకుని ఘాటు మాత్రం ఎక్కకండి" అన్నాడు.

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు మూడూ ఒకేసారి మార్చమన్నాడు. దేనికైనా గేర్‌బాక్సు దించక తప్పదు, ఆ కూలీ ఒక్కటే. ఈ లెక్క కామర్సు చదివిన నాకు తేలిగ్గానే ఎక్కింది. సామాన్లు విజయనగరం నుంచి సాయంత్రం బస్సులో వచ్చాయి. అన్నీ కలిపి అయిదు వేల రెండు వందలు.

దించిన ప్లేటు నా చేతికిచ్చాడు. లైనింగు రివిట్ల దాకా అరిగిపోయింది. నూనె మరక లేదు, అంటే సీలు తప్పు కాదు. "ఇది నాలుగు రోజుల అరుగుదల కాదు బాబూ, ఏళ్ల అరుగుదల. బండి ఎవరు తోల్తారు?" అన్నాడు.

"నేనే" అన్నాను. నా ఎడమ చెప్పు చూపించమన్నాడు. మడమ దగ్గర కొత్తగానే ఉంది, ముందు భాగం నున్నగా అరిగింది. నడుపుతున్నంతసేపూ ఎడమకాలు పెడలు మీదే ఆనించి ఉంచడం నా అలవాటు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా తగిలింది.

రాత్రి లాడ్జిలో అమ్మకు నిద్ర పట్టలేదు. సాలూరి రాజేశ్వరరావు గారు పుట్టిన శివరామపురం ఇక్కడికి దగ్గరేనని చెబితే, ఆయన పాటేదో కాసేపు కూనిరాగం తీసింది. ఉన్నట్టుండి, "ఒరే, మీ నాన్నగారు కారు కొన్నది మీ ఇద్దరికోసంరా" అంది. నేను సరేనన్నాను. అంతకుమించి మాట రాలేదు.

మర్నాడు పదకొండు గంటలకు బండి తయారైంది. మెకానిక్కు రెండే మాటలు చెప్పాడు: గేరు మార్చగానే ఎడమకాలు నేలమీద పెట్టాలి, ఎత్తులో ఆగితే క్లచ్ సగం వదిలి నిలబెట్టకుండా హేండ్ బ్రేకు వేయాలి. ఘాటులో ముందున్న లారీ ఆగినప్పుడల్లా ఆ మాటే పాటించాను. సుంకి, పొట్టంగి, సెమిలిగుడ దాటి, కోరాపుట్లో జగన్నాథస్వామికి అమ్మ కారులోంచే దండం పెట్టుకుంది. ఎక్కడా వాసన లేదు, గోల లేదు.

జయపురంలో మా ఇంటికి పోకుండా తిన్నగా తమ్ముడింటికి వెళ్లాను. గుడ్డసంచిలోంచి పాత ప్లేటు తీసి వాడి చేతిలో పెట్టి, మెకానిక్కు చెప్పిందంతా చెప్పాను. చెప్పు సంగతి కూడా. మరదలూ పిల్లలూ ఉండగానే చెప్పాను. అన్న మాట వాళ్ల ముందే అన్నాను మరి.

వాడు ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నగారు నీకు నేర్పేటప్పుడే అనేవారు అన్నయ్యా, కాలు తియ్యమని" అన్నాడు. తరవాత లోపలికి తిరిగి, "అమ్మ వచ్చింది, టీ పెట్టు" అని కేకేశాడు.

ఇప్పుడు ఒక తాళం వాడి దగ్గరే ఉంటోంది.