జింక మెచ్చని ప్యాంటు

రండి, ఇలా గోడ దగ్గరకి రండి. కాఫీ గ్లాసు కూడా తెచ్చుకోండి, తొందరేం లేదు. ఇవాళ మీతో ప్యాంట్ల గురించి మాట్లాడాలి. నవ్వకండి మరి! పెళ్ళికి కుట్టించుకునే ప్యాంటు కాదు, ఆఫీసు ప్యాంటు అసలే కాదు. వేట ప్యాంటు.

"మనకెందుకండీ వేట గొడవ?" అంటారు. నిజమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక జోలికి వెళ్తే జైలు కూడే. కానీ నేనుంటున్నది పెన్సిల్వేనియాలో. ఇక్కడి వేటకి లైసెన్సుంది, సీజనుంది, ఎన్ని కొట్టాలో లెక్కుంది. తెల్లతోక జింక ఈ రాష్ట్ర జంతువు కూడాను. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ అయిందా, ఊళ్ళో సగం మగాళ్ళు అడవిలోనే. పూర్వం పండగ తరవాతి సోమవారం తుపాకీ వేట మొదలయ్యేది, చాలా బడులకి ఆ రోజు సెలవు. 2019లో దాన్ని శనివారానికి జరిపారు. దాని మీద మా వీధి ముసలాళ్ళ సణుగుడు ఇంకా ఆగలేదు.

నేను తుపాకీ ముట్టను లెండి. పప్పన్నం మనిషిని. పక్కింటి పెద్దాయన సీజను ముందు జింకల దారులు వెతుక్కోడానికి వెళ్తే వెంట నడవడం, ఆయన సామాను మీద ఉచిత వ్యాఖ్యానం చెయ్యడం, అంతే నా భాగం. ఆ సామానంతటిలో నా మనసు దోచుకున్నది ప్యాంటే.

కొట్లోకి వెళ్ళారనుకోండి, ఏం కనిపిస్తుంది? గోడ నిండా ఆకులు, కొమ్మలు, చెట్టు బెరళ్ళు అచ్చేసిన గుడ్డ. నిలబడి చూస్తే ఎక్కడ ప్యాంటో ఎక్కడ పొదో తెలీదు. ఈ మోజు ముదిరింది మొన్నమొన్ననే. రియల్‌ట్రీ, మాసీ ఓక్ అనే రెండు పెద్ద అచ్చులూ 1986లోనే పుట్టాయి. మరి అంతకు ముందు వేటాడలేదా జనం? భేషుగ్గా వేటాడారు. ఇదే రాష్ట్రంలో వూల్‌రిచ్ అనే ఊరి మిల్లు నేసిన ఎరుపూ నలుపూ గళ్ళ ఉన్ని కోటు, ఉన్ని ప్యాంటు వేసుకుని వెళ్ళేవాళ్ళు. దానికి 'పెన్సిల్వేనియా టక్సీడో' అని ముద్దుపేరు. మన గళ్ళ లుంగీకి చేతులు కుట్టినట్టుండేది. అయినా జింకలు దొరుకుతూనే ఉండేవి!

ఎందుకంటారా? అసలు కిటుకు జింక కంట్లో ఉంది. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. దానికి రెండే. ఎరుపు, నారింజ దానికి బూడిదో మట్టో అన్నట్టు కనిపిస్తాయి. నీలం మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, మనకి కనపడని అతినీలలోహిత కాంతి కూడా కొంత అందుతుంది. జార్జియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ జింక చూపు మీదే పనిచేశారు. అంటే ఏమిటి? మీరు ఎంతో ముచ్చటపడి వేసుకెళ్ళే బ్లూ జీన్సు ఉంది చూశారూ, అదే జింకకి దండోరా.

ఇంకో తమాషా వినండి. సబ్బుపొడిలో తళతళ కోసం ఒక మందు కలుపుతారు కదా, అది అతినీలలోహిత కాంతిని మింగి నీలం వెలుగు కక్కుతుంది. మన కంటికి తెల్లబట్ట మరింత తెల్లగా కనపడేది అందుకే. అదే పొడితో వేట ప్యాంటు ఉతికారా, మసక వెలుతురులో జింక కళ్ళకి పండగే. అందుకని మా పెద్దాయన తన ప్యాంటు తానే, ఆ మందు లేని సబ్బుతో ఉతుక్కుంటాడు. భార్యని వాషింగ్ మెషీన్ దగ్గరికి రానివ్వడు. ఆవిడకి అంతకన్నా ఏం కావాలి!

"మరి ఇంకొక వేటగాడు మనల్ని చూసి జింకనుకుంటే?" మంచి ప్రశ్న. దానికి చట్టం ఉంది. ఇక్కడ తుపాకీ జింక సీజన్లో తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మిరుమిట్ల నారింజ రంగు ఉండాలి. జింకకి అది మట్టి రంగే, మనిషికి మాత్రం మైలు దూరం నుంచి కనపడుతుంది. నడుం కింద ఏం వేసుకుంటావో మాత్రం చట్టం అడగదు. అక్కడే మనకి స్వేచ్ఛ!

కాబట్టి ప్యాంటుకి ఆకుల అచ్చు అక్కర్లేదు, ఒకే రంగు చాలు. అయితే ఏ రంగు? ఇక్కడి కొట్లవాళ్ళు బ్రౌన్, ఆలివ్ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు గానీ, చీరల కొట్లో పెరిగిన మనకి అంత దరిద్రమేం పట్టింది? వక్కపొడి రంగు, ముక్కుపొడి రంగు, పాచి రంగు, ఎండుగడ్డి రంగు. ఇందులో ఏదైనా సరే. నా ఓటు వక్కపొడికి. బురద పడ్డా, టీ ఒలికినా కలిసిపోతుంది. పైగా అదే ప్యాంటుతో తిరుగుదారిలో కిరాణా కొట్లో ఆగొచ్చు, మనవాళ్ళ పుట్టినరోజు పార్టీకీ వెళ్ళొచ్చు. ఆకుల ప్యాంటుతో వెళ్ళి చూడండి, "ఏం బాబూ, మిలిటరీలో చేరావా?" అని ఏ అత్తయ్యగారో అడక్క మానదు. జమైకా, బార్బడోస్ లాంటి చోట్ల మామూలు జనం అలాంటి మిలిటరీ మచ్చల బట్టలు వేసుకోవడం నేరం కూడా.

సరే, రంగు అయింది. ఇక గుడ్డ. ఇక్కడే నాకు ఉత్సాహం పొంగుతుంది, కాస్త ఓపిక పట్టండి.

ప్యాంటు చేతికి రాగానే మోకాళ్ళ దగ్గర గుడ్డని గుడ్డతో రుద్ది చెవి దగ్గర పెట్టుకోండి. సిగ్గుపడకండి, కొట్లో అందరూ చేసేదే. సర్రు సర్రు మని నైలాను చప్పుడొస్తే పక్కన పెట్టెయ్యండి. జింకకి అన్ని రంగులూ తెలీకపోయినా చెవులు మహా చురుకు. ఉన్ని అయితే అసలు చప్పుడే ఉండదు, తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. బరువు, ధర, చిమటలు మాత్రం భరించాలి. కార్‌హార్ట్ వాళ్ళది ఇంకో దారి. 1889లో డెట్రాయిట్‌లో కూలివాళ్ళ బట్టలతో మొదలైన కంపెనీ అది. వాళ్ళ దళసరి కాన్వాసు ప్యాంటుకి తొడ నుంచి మోకాలి కింద దాకా రెండు పొరలు, అతుకుల దగ్గర మూడేసి వరసల కుట్టు. ముళ్ళపొద దాన్ని గీరి గీరి విసిగిపోవాల్సిందే. కొత్తలో గోడకి ఆనిస్తే నిలబడేట్టుంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. కానీ నూలు కదా, తడిస్తే ఓ పట్టాన ఆరదు. చలిలో తడి నూలు ప్రాణం తీస్తుంది.

మధ్యేమార్గం స్వీడన్ వాళ్ళది. ఫియల్‌రావెన్ అనే కంపెనీది, పాలియెస్టరూ నూలూ కలిపి నేసిన గుడ్డ. దాని మీద తేనెమైనం, పారఫిన్ కలిపిన బిళ్ళతో రుద్ది, ఇస్త్రీపెట్టె వేడి చూపిస్తే మైనం గుడ్డలోకి ఇంకిపోతుంది. వాన చినుకు జారిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ పని చేసుకుంటూ కూర్చుంటే వచ్చే మైనం వాసన ఉందే, అబ్బ!

జేబులకి మాత్రం వెల్క్రో వద్దు. దాని కథ తెలుసా? 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విస్ ఇంజనీరు ఆల్ప్స్‌లో వేటకెళ్ళొచ్చి, తన ప్యాంటుకీ కుక్క బొచ్చుకీ అంటుకున్న గింజల్ని పీక్కుంటూ, వాటి కొక్కేలు చూసి కనిపెట్టాడు. మన ఉత్తరేణి గింజలు పంచెకి ఎన్ని తరాల నుంచి అంటుకోలేదు? మనం పీకి పారేసి ఊరుకున్నాం! విచిత్రమేమిటంటే, వేటలో పుట్టిన వెల్క్రోకి వేటలో చోటు లేదు. చర్రుమని ఒక్కసారి విప్పితే పొద్దుణ్ణుంచి కాచిన కాపు గోవిందా. గుండీలే మేలు.

ఒక్క మాట సీరియస్‌గా. ఇక్కడి గడ్డిలో పిడుదులున్నాయి, వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. పెన్సిల్వేనియాలో ఆ బెడద బాగా ఎక్కువ. పాకే పిడుదు కనపడాలంటే బట్ట లేత రంగుండాలంటారు డాక్టర్లు. వక్కపొడి రంగు మీద అది కనపడదు మరి. అందుకే పెర్మెత్రిన్ మందు పట్టించిన ప్యాంటు తీసుకోండి, కాళ్ళ అంచులు మేజోళ్ళలోకి దోపండి. చూడ్డానికి బాగుండదు. అడవిలో ఎవరు చూస్తారు చెప్పండి?

ఇక కొనేటప్పుడు నడుం ఓ అంగుళం వదులుగా చూసుకోండి, లోపల చలి పైజామా పట్టాలి. కాళ్ళ మధ్య విడిగా ముక్క వేసి కుట్టారో లేదో తిప్పి చూడండి. ట్రయల్ రూములో గొంతుక్కూర్చుని లేవండి. ఎక్కడైనా పటక్‌మంటే డబ్బులివ్వక ముందే హ్యాంగరుకి తగిలించి వచ్చెయ్యండి.