మా దగ్గర ఆ సౌండ్ రాలేదు సార్!

మన ఇండస్ట్రీలో ఒక బగ్‌ని వదిలించుకోడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫిక్స్ చెయ్యడం. రెండోది, "కెనాట్ రీప్రొడ్యూస్" అని రాసి క్లోజ్ చేసెయ్యడం. రెండో దారిలో పని తొందరగా అవుతుంది, మేనేజరు గారి డాష్‌బోర్డు కూడా పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. ఈ జబ్బు కార్ల సర్వీస్ సెంటర్లకీ ఉంది. అక్కడ దాని పేరు "మా దగ్గర ఆ సౌండ్ రాలేదు సార్".

విషయానికొస్తే, నా దగ్గర ఒక పాత టర్బో పెట్రోల్ కారుంది. స్పోర్ట్స్ వెర్షన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు అడక్కండి. మా నాన్న దృష్టిలో అది కారు కాదు, నిర్మల్‌లో కొనకుండా పోయిన రెండు గుంటల జాగా.

కొన్ని నెలల క్రితం పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే బానెట్ కింద నుంచి టిక్ టిక్ టిక్ అని ఒక చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే దాని వేగం కూడా పెరిగేది. పది నిమిషాలు నడిపితే మాయం. సర్వీస్ సెంటరేమో హైదరాబాద్‌లో మా ఫ్లాట్ నుంచి ముప్పావుగంట. ఆ ట్రాఫిక్‌లో అక్కడికి చేరేసరికి ఇంజను కాగిపోయి ఉంటుంది, చప్పుడు ఉండదు. మూడుసార్లు తీసుకెళ్తే మూడుసార్లూ కంప్యూటర్ తగిలించి "ఎర్రర్ కోడ్ ఏమీ లేదు సార్" అన్నారు. ఒకసారి ఆయిల్ మార్చారు, ఇంకోసారి స్పార్క్ ప్లగ్గులు మార్చారు. బిల్లు మాత్రం ప్రతిసారీ బ్రహ్మాండంగా రీప్రొడ్యూస్ అయ్యేది :)

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. మా అమ్మ సంగతి వేరు. హైదరాబాద్ నుంచి నిర్మల్ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. ఈ కారెక్కిన ప్రతిసారీ ఆమెకు తలనొప్పి, కడుపులో తిప్పడం. మేడ్చల్ రాకముందే కిటికీ దించమనేది. "అమ్మకు ఏసీ పడదు" అని చుట్టాలంతా కలిసి తీర్పు చెప్పేశారు. సర్వీస్ అడ్వైజర్ని అడిగితే "వయసు సార్, పెద్దవాళ్ళకి అలాగే ఉంటుంది" అన్నాడు. అమ్మకి యాభై మూడేళ్ళు! ఒకసారైతే తిరుగు ప్రయాణంలో కారు మా మీద వదిలేసి తను బస్సెక్కి వచ్చింది.

నిర్మల్‌లో హైవే పక్కన ఒక చిన్న షెడ్డుంది. నడిపే ఆయన్ని అందరూ చాచా అంటారు. మహబూబ్ ఘాట్ ఎక్కలేక ఆగిపోయిన నాగపూర్ లారీల మీద పని నేర్చుకున్న మనిషి. పాత ఏడో నంబరు హైవే ఎన్‌హెచ్ 44 అయింది, నిర్మల్ 2016లో జిల్లా అయింది, ఆ షెడ్డు మాత్రం రేకు కూడా మారలేదు. స్పోర్ట్స్ కారుని లారీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తావా అని ఫ్రెండ్స్ నవ్వారు. టర్బో మన కార్లకి రాకముందే లారీలకి వచ్చిందన్న సంగతి వాళ్ళకి గుర్తు లేదు.

చాచా బానెట్ ఎత్తలేదు. ముందు నన్ను అడిగాడు: "ఎప్పుడు మోగుతది తమ్మీ? సల్లగున్నప్పుడా, కాగినంకనా?" తర్వాత కార్లో కూర్చున్న మా అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీకు ఎక్కంగనే తిప్పుతదా, పొయ్యేకొద్ది తిప్పుతదా?"

"ఎక్కంగనే. నడుమ కామారెడ్డిల చాయ్ తాగి మళ్ళ ఎక్కితే ఏం గాదు" అంది అమ్మ. ఇన్ని నెలల్లో ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"బండి రాత్రి ఈడనే ఉండనీ. పొద్దుగాల నేనొచ్చేదాంక ఎవ్వరు సెల్ఫ్ కొట్టద్దు" అన్నాడు చాచా.

పొద్దున ఆరున్నరకి వెళ్ళాను. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీదున్న రేకు విప్పి, రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర, రెండో కొస మేనిఫోల్డ్ దగ్గర పెట్టి నన్ను స్టార్ట్ చెయ్యమన్నాడు. రెండు నిమిషాల్లో దొరికింది. రెండో సిలిండరు, మూడో సిలిండరు గొట్టాలు కలిసి టర్బోకి బిగించే చోట వెంట్రుకంత పగులు, దాని పక్కనే నల్లటి మసి గీత. మేం చూస్తుండగానే టిక్ టిక్ సన్నబడి ఆగిపోయింది. ఇనుము వేడెక్కి ఉబ్బి, పగులు అంచులు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి.

అసలు ఎందుకు పగులుతుందో చిన్న లెక్క చూడండి. టర్బో పెట్రోల్ ఇంజన్లో గట్టిగా తొక్కినప్పుడు ఎగ్జాస్ట్ గ్యాసు 900 డిగ్రీల దాకా వెళ్తుంది. 40 సెంటీమీటర్ల పోత ఇనుము ముక్క 700 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని బిగించిన సిలిండర్ హెడ్ అల్యూమినియం. నిజానికి అల్యూమినియం ఇనుముకి రెట్టింపు సాగే రకం, కానీ కూలెంట్ దాన్ని 100 డిగ్రీల చుట్టుపక్కలే ఆపేస్తుంది కాబట్టి అది ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. ఒకటి సాగుతానంటుంది, ఇంకొకటి కదలనంటుంది, మధ్యలో స్టడ్లు. అందుకే చివర్లలో బోల్టు రంధ్రాలు కాస్త పెద్దవిగా ఇస్తారు, మేనిఫోల్డ్ జరగడానికి. తుప్పు పట్టి ఆ చోటు పూడుకుపోతే ఇక స్టడ్డైనా విరగాలి, మేనిఫోల్డైనా పగలాలి. పైగా టర్బో బరువంతా దాని మీదే.

మరి అమ్మ తలనొప్పి? పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ టర్బో తర్వాత ఉంటుంది. ఈ పగులు దానికంటే ముందు. కోల్డ్ స్టార్ట్‌లో ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అప్పుడే ఆ విషం కూడా ఎక్కువ. కారు లోపలికి గాలి పీల్చే జాలీ ముందు అద్దం కింద, సరిగ్గా ఇంజన్ వెనకే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. మూసిన గ్యారేజీల్లో మనుషుల్ని చంపేది అదే. స్కానర్లో దానికి కోడ్ లేదు. ఏసీ పడకపోవడం కాదు, వయసూ కాదు.

వెల్డింగ్ చేస్తే సరిపోదా అని అడిగాను. చాచా దగ్గర నికెల్ రాడ్లున్నాయి, లారీల బీడు ముక్కల్ని బట్టీలో కాల్చి, వెల్డ్ చేసి, బూడిదలో పూడ్చి రాత్రంతా చల్లార్చడం ఆయనకి చేతనైన పని. అయినా వద్దన్నాడు. "ఇయ్యాల అతుకుతది తమ్మీ, రేపు అతుకు పక్కన పగుల్తది. బీడుకు తొందర పనికిరాదు." పోత ఇనుములో కార్బన్ 3 శాతం పైనే ఉంటుంది. వెల్డ్ పక్కన అది గబుక్కున చల్లారితే గాజులా పెళుసైన పొర ఏర్పడుతుంది. వెల్డింగ్ చేస్తే డబ్బు ఆయనకే వచ్చేది, అయినా వద్దన్నాడని గమనించాలి.

ఈ "తొందర పనికిరాదు" అన్న మాట మా వైపు చాలా పాతది. గోదావరికి అవతల, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవాళ్ళు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. సర్వేలో పనిచేసిన డాక్టర్ వాయిసీ ఆ పద్ధతిని చూసి రాసింది ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఆ ఉక్కు బిళ్ళల్ని కూడా మళ్ళీ మళ్ళీ వేడిచేసి నెమ్మదిగా చల్లార్చేవాళ్ళట. నిర్మల్ అంటే కొయ్యబొమ్మలే అందరికీ గుర్తొస్తాయి, ఈ ఇనుము కథ మా ఊళ్ళోనే సగం మందికి తెలీదు. సరే, పక్కదారి పట్టాను.

కొత్త మేనిఫోల్డ్ తెప్పించాం. నా జీతంలో ఎంత పోయిందో నాన్నకి చెప్పలేదు. పని ఒకటిన్నర రోజు. ముందు రోజు నుంచే స్టడ్ల మీద నూనె పోసి నానబెట్టినా చివరి స్టడ్ విరిగింది. చాచా దాన్ని డ్రిల్ చెయ్యనివ్వలేదు. హెడ్ అల్యూమినియం, డ్రిల్ పక్కకి జారితే హెడ్డే పోతుంది. విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డ్ చేశాడు. ఆ వేడికి తుప్పు వదిలి, పానాతో తిప్పితే వచ్చేసింది. తర్వాత హెడ్ మీద స్టీలు పట్టీ ఆనించి, సందుల్లో గేజ్ దూర్చి వంకర లేదని చూశాడు. కొత్త ప్యాకింగ్, కొత్త నట్లు, మధ్యలో మొదలుపెట్టి చివరలకి బిగింపు. పాత నట్లు ఎందుకు పారెయ్యాలని అడిగితే ఆయన మొహం చూడాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆఖరి పని. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకేసి సెల్ఫ్ మాత్రం కొన్నిసార్లు తిప్పించాడు. టర్బో నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది, దాని ఇరుసు తేలేది పల్చటి ఆయిల్ పొర మీద. విప్పిన పైపుల్లో ఆయిల్ నిండకుండా స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే బేరింగులు గీసుకుపోతాయి. ఇది ఆయనకి ఏ మాన్యువల్ చెప్పలేదు, ఒక లారీ టర్బో చెప్పింది.

అన్నట్టు, ఇప్పుడు చాలా చిన్న టర్బో ఇంజన్లలో మేనిఫోల్డ్‌ని హెడ్‌లోనే కలిపి పోత పోసి చుట్టూ కూలెంట్ తిప్పుతున్నారు. 2013లో మన దగ్గరికొచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఇంజను అలాంటిదే. ఈ జగడం చాలావరకు తగ్గినట్టే. పగిలితే మాత్రం హెడ్ మొత్తం మార్చాలి, అది వేరే సంగతి.

రిపేరయ్యాక అమ్మ రెండుసార్లు హైదరాబాద్ వచ్చింది. కిటికీ దించలేదు. ఏసీ కూడా వేసుకుంది.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి చూడాలని చాచా చెప్పాడు, వేడి మీద తేవద్దని కూడా చెప్పాడు. మొన్న శుక్రవారం రాత్రి షెడ్డు దగ్గర పెట్టి ఇంటికి నడిచి వచ్చాను. పొద్దున వెళ్ళేసరికి చూసేశాడు. ఒక్క నట్టు పావు చుట్టు తిరిగిందట. డబ్బులు తీసుకోలేదు, చాయ్ మాత్రం నాతో తెప్పించుకున్నాడు.